మంచంలో ఉన్న పెద్దలకు సెన్సార్ డైపర్లు: ఏమిటివి, మన ఇళ్లలో పనికొస్తాయా?

హత్నూరలో ఎవరినైనా ఆపి 'నర్సింగ్ హోం ఎక్కడ' అని అడిగితే సంగారెడ్డిలోనో పటాన్‌చెరులోనో ఉన్న ఓ ప్రైవేటు ఆసుపత్రి పేరు చెప్తారు. మనకు నర్సింగ్ హోం అంటే కాన్పులు, చిన్న ఆపరేషన్లు జరిగే చోటు. అమెరికా, యూరప్, జపాన్ దేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. లేవలేని, తమ పని తాము చేసుకోలేని ముసలివాళ్లు ఏళ్ల తరబడి ఉండే ఇల్లు అది. ఒక్కో నర్సు, ఒక్కో ఆయా రాత్రిపూట చాలామందిని చూసుకోవాలి. ఎవరి డైపర్ తడిసిందో తెలియాలంటే మంచం మంచం తిరిగి దుప్పటి తీసి చూడాల్సిందే. ఆ తిరుగుడు తగ్గించడానికి పుట్టినవే ఇప్పుడు మనం మాట్లాడుకోబోయే సెన్సార్లు.

మన దగ్గర ఆ పని ఇంట్లోనే జరుగుతుంది. చేసేది ఎక్కువగా కోడలు, కూతురు, భార్య. బోర్పట్ల, గుండ్ల మాచనూరు వైపు ఫార్మా యూనిట్లలోనో, పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల్లోనో కొడుకు షిఫ్టు డ్యూటీ చేస్తుంటే, ఇంట్లో మంచం పట్టిన అమ్మీనో దాదానో చూసుకునే భారం ఒక్క మనిషి మీదే పడుతుంది. ఈ మధ్య ఫోన్లలో 'స్మార్ట్ డైపర్', 'బ్లాడర్ సెన్సార్' అని వీడియోలు తిరుగుతున్నాయి. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న బంధువులు 'ఇది కొని పంపించమంటారా' అని అడుగుతున్నారు. కొనేముందు తెలుసుకోవాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి

మూత్రం ఆపుకోలేకపోవడాన్ని డాక్టర్లు ఇన్‌కాంటినెన్స్ అంటారు. మన ఇళ్లలో దీనికి పేరే పెట్టరు, ఎవరూ నోరు విప్పి చెప్పరు. దాదీ పెళ్లిళ్లకు రావడం మానేస్తుంది, నానా జుమాకు వెళ్లడం తగ్గించేస్తారు, ఇద్దరూ సాయంత్రం నుంచి నీళ్లు తాగడం ఆపేస్తారు. మనం 'వయసైపోయింది' అనుకుని ఊరుకుంటాం.

అది వయసు ఒక్కటే కాదు. దగ్గినా తుమ్మినా జారిపోవడం ఒక రకం, కాన్పులు ఎక్కువైన ఆడవాళ్లలో ఇది మామూలు. ఒక్కసారిగా వేగం వచ్చి బాత్రూం చేరేలోపే అయిపోవడం రెండో రకం. మూడోది అసలు తెలియకుండా మోసం చేసేది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లలో, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లలో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. నిండిన బిందె అంచు నుంచి కారినట్టు చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. బయటకు తడి కనిపిస్తుంది కాబట్టి 'పోస్తూనే ఉన్నాడు' అనుకుంటాం, లోపల మాత్రం మూత్రం నిలిచిపోయి కిడ్నీల మీద ఒత్తిడి పెడుతుంటుంది. నాలుగోది అన్నిటికంటే సులభం: మూత్రాశయం బాగానే ఉంది, మోకాళ్లే బాగా లేవు. బాత్రూం పెరట్లో ఉంది, రాత్రి లైటు లేదు, ఇండియన్ టాయిలెట్ మీద కూర్చోలేరు. వీళ్లకు కావాల్సింది సెన్సార్ కాదు, మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ.

ఉన్నట్టుండి మొదలైతే ఇంకా జాగ్రత్త. యూరిన్ ఇన్‌ఫెక్షన్, షుగర్ పెరగడం, గట్టి మలబద్ధకం, బీపీకి ఇచ్చే నీళ్ల మాత్రలు, నిద్రమాత్రలు, ఇవన్నీ తాత్కాలికంగా ఈ సమస్య తెస్తాయి. కారణం తీస్తే చాలామందికి తగ్గిపోతుంది. డైపర్ కొనకముందే డాక్టరుకు చూపించమనేది ఇందుకే.

1904 నుంచి ఉన్న ఆలోచన

తడిని కనిపెట్టే యంత్రం కొత్తదేమీ కాదు. 1904లో పిల్లల డాక్టరు మైన్‌హార్డ్ ఫాండ్లర్ ఆసుపత్రిలో పిల్లల పక్క తడవగానే గంట మోగే ఏర్పాటు చేశారు. ఉద్దేశం ఒక్కటే, నర్సులకు తెలియాలని. కొన్నాళ్లకు ఆ గంటకు అలవాటుపడి పిల్లలు పక్క తడపడమే మానేస్తున్నారని గమనించారు. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాన్ని పిల్లల వైద్యంగా మార్చారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే 'బెడ్ వెట్టింగ్ అలారం' దాని వారసురాలే.

సూత్రం చాలా సాదాది. పొడి గుడ్డలో కరెంటు పారదు, ఉప్పు కలిసిన తడిలో పారుతుంది. రెండు సన్నని తీగల మధ్య తడి చేరితే సర్క్యూటు పూర్తయి సిగ్నల్ వస్తుంది. పెద్దల సెన్సార్లలో చాలా ఈ లెక్క మీదే పనిచేస్తాయి.

ఇవాళ మార్కెట్లో ఉన్నవాటిని నేను మూడు రకాలుగా చూస్తాను.

అయ్యాక చెప్పేవి మొదటివి. స్వీడన్‌కు చెందిన ఎసిటీ కంపెనీ టెనా బ్రాండ్ కింద ఒక సెన్సార్ పట్టీ అమ్ముతుంది. మామూలు డైపర్‌కు బయటవైపు అంటిస్తారు, అది ఎంత తడిసిందో చూసి ఫోన్ యాప్‌కు 'మార్చే వేళయింది' అని కబురు పంపుతుంది. డెన్మార్క్ కంపెనీ అబెనా, బెల్జియం కంపెనీ ఆంటెక్స్ మాత్రం డైపర్ లోపలే సెన్సార్ గీతలు పెట్టి, ముందువైపు ఒక చిన్న క్లిప్ తగిలిస్తాయి. క్లిప్ మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. డైపర్ మాత్రం వాళ్లదే కొనాలి. కామర్స్ చదివినవాడిగా నాకు ఇక్కడ ప్రింటర్, ఇంకు వ్యాపారం గుర్తొచ్చింది.

రెండో రకం ముందే చెప్పేవి. జపాన్‌లో ట్రిపుల్ డబ్ల్యూ అనే కంపెనీ డీఫ్రీ అనే పరికరం చేసింది. పొత్తికడుపు మీద అంటించుకునే చిన్న అల్ట్రాసౌండ్ పరికరం, మూత్రాశయం ఎంత నిండిందో కొలిచి 'ఇప్పుడు తీసుకెళ్లండి' అంటుంది. 2017లో అక్కడి వృద్ధుల కేంద్రాలకు ఇచ్చారు, 2019లో అమెరికాలో సీఈఎస్ ప్రదర్శనలో ఇంటివాళ్ల కోసం సుమారు 500 డాలర్ల ధరతో చూపించారు. కంపెనీ పెట్టిన అత్సుషి నకనిషి తనకే ఒకరోజు రోడ్డు మీద ఆపుకోలేని పరిస్థితి వచ్చిందని, అక్కడే ఈ ఆలోచన పుట్టిందని అందరి ముందూ చెప్పుకున్నారు. మన దగ్గర ఎవరైనా అలా చెప్పుకోగలరా అనిపించింది. అదే జపాన్‌లో అబా అనే చిన్న కంపెనీ, మంచాల తయారీలో పేరున్న పారామౌంట్ బెడ్‌తో కలిసి పరుపు మీద పరిచే షీటు ఒకటి తెచ్చింది. అది వాసనను బట్టి పని చేస్తుంది. ఒంటికి ఏదీ తగిలించక్కర్లేదు, మలవిసర్జన కూడా తెలుస్తుంది.

మూడోది నాకు బాగా నచ్చిన రకం. మూడు రోజులు మాత్రమే వాడి తీసేస్తారు. టెనా ఐడెంటిఫై, ఆస్ట్రేలియాలో సిమావిటా ఈ దారిలో వచ్చాయి. 72 గంటల పాటు మనిషి ఏ వేళల్లో, ఎంత పోస్తున్నాడో రికార్డు చేసి ఒక చార్టు ఇస్తాయి. ఆ చార్టు చూసి నర్సులు బాత్రూంకు తీసుకెళ్లే టైంటేబుల్, సరిపడే సైజు డైపర్ నిర్ణయిస్తారు. ఆస్ట్రేలియాలో వొలొంగాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక నర్సింగ్ హోంలో దీన్ని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ప్యాడ్లలోకి పోయే మూత్రం తగ్గింది, టాయిలెట్‌కు తీసుకెళ్లడం పెరిగింది. ఒక్క నర్సింగ్ హోంలో చేసిన చిన్న అధ్యయనం అది, కొండంత ఆశ పెట్టుకోవద్దు. కానీ దారి సరైనదే అనిపిస్తుంది.

ధర సంగతికి వస్తే 2020లో అమెరికాలోని ఎంఐటీ చేసిన పని చెప్పుకోవాలి. మనదేశపు మూలాలున్న ఇంజినీర్లు కొందరు ఉన్న ఆ బృందం, డైపర్‌లో నీరు పీల్చే పొడి తడిసినప్పుడు కొంచెం కరెంటు వాహకంగా మారుతుందని గమనించి, ఆ పొడినే యాంటెన్నాలో భాగం చేసేసింది. బట్టల షాపుల్లో దొంగతనం జరక్కుండా అంటించే ట్యాగు లాంటిదే, బ్యాటరీ అక్కర్లేదు. ఒక మీటరు దూరంలో పెట్టిన రీడర్ దాన్ని పట్టుకుంటుంది. ఒక్కో ట్యాగుకు 2 సెంట్ల లోపే ఖర్చని లెక్క చెప్పారు. అప్పటి డాలరు రేటులో ఒకటిన్నర రూపాయి లోపే. అలాంటిది మన మెడికల్ షాపు అరల్లోకి వస్తే ఈ వ్యాసం మళ్లీ రాయాలి. హత్నూరకు దగ్గర్లో, కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో వైద్య పరికరాల స్టార్టప్‌ల కోసమే సెంటర్ ఫర్ హెల్త్‌కేర్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ అని ఒకటి ఉంది. ఎవరైనా విద్యార్థి ఇది చదువుతుంటే, మంచి ప్రాజెక్టు ఇక్కడుంది బాబూ.

జపాన్‌కు, మనకు ఇంకో లింకు కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవాళ్లకు జపనీస్ భాష నేర్పి అక్కడి కేర్ ఉద్యోగాలకు పంపుతోంది. ఆ పనిని అక్కడ 'కైగో' అంటారు. వెళ్లాలనుకునే పిల్లలు ఈ పరికరాల పేర్లు ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

సెన్సార్ చెప్పనివి

తడి అని చెప్తుంది, ఎందుకో చెప్పదు. పైన రాసిన మూడో రకం జబ్బులో, అంటే లోపల నిండి బయట కారే మనిషికి, తడి సెన్సార్ రోజంతా 'తడి, తడి' అంటూనే ఉంటుంది. అసలు ప్రమాదం దానికి కనిపించదు. ఆ మనిషికి కావాల్సింది డాక్టరు దగ్గర చేసే చిన్న స్కాన్, మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో చూడటం.

చెమటకు, నీళ్లు ఒలికినా మోగేవి ఉన్నాయి. మతిమరుపు జబ్బున్న పెద్దలు ఒంటికి అంటించింది పీకేస్తారు. లావుగా ఉన్నవాళ్లకు, పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు అల్ట్రాసౌండ్ పరికరం చోటు తప్పితే రీడింగు తప్పుతుంది. మాటిమాటికీ మోగే అలారాన్ని ఎవరైనా నాలుగో రోజు నుంచి పట్టించుకోరు.

మన ఇళ్లకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. ఈ పరికరాలన్నీ కబురు పంపేది ఫోన్‌కు. చాలా ఫార్మా ప్లాంట్లలో ఫోను గేటు దగ్గరే డిపాజిట్ చేయాలి. కొడుకు పేరు మీద యాప్ పెట్టి కొడుకు ఫోన్‌కు నోటిఫికేషన్ వస్తే, నైట్ షిఫ్టులో అది లాకర్‌లో మోగుతుంది. ఇంట్లో ఉండే మనిషి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉండాలి, చార్జింగ్ ఉండాలి, బ్లూటూత్ అందే దూరంలో ఉండాలి. వీటన్నిటికంటే ముందు, లేచి మార్చే చేతులుండాలి. విదేశాల నర్సింగ్ హోంలలో కూడా ఇదే గొడవ, అలారం మోగినా వెళ్లే మనిషి లేకపోతే సెన్సార్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఒక మంచి మాత్రం ఒప్పుకోవాలి. ప్రతిసారీ బట్ట తీసి చూడటం పెద్దవాళ్లకు ఎంత నామోషీగా ఉంటుందో చూసుకున్నవాళ్లకు తెలుసు. మా నానీమా చివరి ఏడాది కోడలి చేయి తగలగానే ముఖం గోడవైపు తిప్పుకునేది. కొడుకు ఒక్కడే ఇంట్లో ఉన్న పూట అయితే తడిసినా చెప్పేది కాదు, హయా అడ్డొచ్చేది. అవసరమైనప్పుడే ముట్టుకునేలా చేసే పరికరమంటే ఆ మేరకు గౌరవం నిలబెట్టేదే. ఈ పని కోసం గదిలో కెమెరా పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

లెక్క

మెడికల్ షాపులో పెద్దల డైపర్ ఒక్కోటి బ్రాండును, సైజును బట్టి మారుతుంది. 40 రూపాయలు అనుకుందాం. రోజుకు 4 అంటే 160, నెలకు 4800 రూపాయలు. వృద్ధాప్య పింఛను 2016 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ఎంఆర్‌పీ మీదే అమ్ముతుంటే షాపులో అడగండి. దీని మీద విదేశీ సెన్సార్ 500 డాలర్లంటే, ఇప్పటి రేటులో డైపర్ ఖర్చు తొమ్మిది నెలలది ఒకేసారి పెట్టినట్టు. పాడైతే ఇక్కడ రిపేరు చేసేవాళ్లు లేరు. పట్టీలు అయిపోతే మళ్లీ ఎవరో ఒకరు బ్యాగులో వేసుకుని రావాలి.

అందుకే నేనైతే కొనమని చెప్పను. ఆ మూడో రకం సెన్సార్ చేసే పనిని నోటుబుక్కుతో చేయమంటాను.

మూడు రోజుల నోటుబుక్కు

పిల్లల పాత లాంగ్ బుక్ ఒకటి తీసుకోండి. మూడు రోజులు, పగలూ రాత్రీ రాయండి: ఎన్నింటికి ఏం తాగారు, ఎంత తాగారు, ఎన్నింటికి మూత్రం పోశారు, డైపర్‌లోనా కుండలోనా, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, విరేచనం ఎప్పుడైంది. వంటింటి డిజిటల్ తూకం ఉంటే కవర్‌లో చుట్టి తడి డైపర్ తూచండి, పొడి డైపర్ బరువు తీసేయండి. ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు. 120 గ్రాముల డైపర్ 420 గ్రాములు తూగితే 300 మిల్లీలీటర్లు పోశారని అర్థం. పెద్ద కంపెనీల యంత్రం ఇచ్చే చార్టు ఇదే, కాస్త వంకరగా మీ చేతిరాతలో ఉంటుంది. ఈ పనికి వాడిన తూకం మళ్లీ వంటకు వాడకపోతే మేలు.

మూడు రోజుల తర్వాత చూస్తే వేళలు కనిపిస్తాయి. ఫజర్ తర్వాత చాయ్ తాగిన ముప్పావు గంటకు, నీళ్ల మాత్ర వేసుకున్న గంటకు, ఇలా. ఆ వేళకు 15, 20 నిమిషాల ముందు 'పోదామా అమ్మీ' అని అడిగి కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టండి. నర్సింగ్ హోంలలో దీన్నే ప్రాంప్టెడ్ వాయిడింగ్ అంటారు, సెన్సార్లు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి. రోజుకు ఒక్క డైపర్ మిగిలినా నెలకు 1200 రూపాయలు. అమెరికాలో నర్సింగ్ హోంలలో ఉండే ప్రతి మనిషికీ నింపాల్సిన ప్రభుత్వ ఫారంలో సెక్షన్ హెచ్ అని మూత్రం, మలం గురించే ఒక భాగం ఉంటుంది. మనిషికి ఇలాంటి టైంటేబుల్ పెట్టి చూశారా లేదా అని అందులో అడుగుతారు.

నీళ్లు తగ్గించొద్దు. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలం గట్టిపడుతుంది. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లకు లెక్క పెట్టినవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తాగాలి. నీళ్ల మాత్ర సాయంత్రం వేస్తుంటే పొద్దునకు మార్చొచ్చా అని డాక్టరును అడగండి, సొంతంగా మార్చకండి. మాటిమాటికీ మార్చలేక యూరిన్ పైపు వేయించేద్దాం అంటారు కొందరు. ఎక్కువ రోజులు పైపు ఉంటే ఇన్‌ఫెక్షన్ దాదాపు ఖాయం. డాక్టరు అవసరమన్నప్పుడే దాని జోలికి వెళ్లాలి.

చర్మం గురించి రెండు మాటలు. మూత్రం నిలిచి ఉంటే అమ్మోనియా తయారై చర్మాన్ని మెత్తబరుస్తుంది, మలం తోడైతే ఇంకా త్వరగా కాలినట్టు ఎర్రబడుతుంది. మలం అయితే వెంటనే మార్చాలి, అర్ధరాత్రయినా సరే. మూత్రం మాత్రమే అయితే మంచి డైపర్ రాత్రి కొన్ని గంటలు పీల్చుకుంటుంది, గాఢ నిద్రలో ఉన్న మనిషిని తట్టి లేపి మార్చక్కర్లేదు. సబ్బుతో రుద్దకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, పల్చగా వాజ్‌లీన్ గానీ జింక్ ఆక్సైడ్ క్రీమ్ గానీ రాయండి. పౌడరు చల్లితే తడికి ముద్దకట్టి ఒరుసుకుంటుంది. కదల్లేనివాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, తుంటి దగ్గర, నడుము కింద, మడమల దగ్గర చూస్తుండాలి. ఎర్రదనం నొక్కినా తెల్లబడకపోతే అది బెడ్‌సోర్ మొదలైనట్టు, ఆ రోజే చూపించాలి.

నమాజ్ మాట

మన పెద్దలు అన్నిటికంటే ఎక్కువ బాధపడేది దీని గురించే. 'నాపాక్‌గా ఉన్నాను, నమాజ్ ఎలా' అని చాలామంది నమాజే వదిలేస్తారు, పైకి చెప్పరు. ఫిఖ్‌లో దీనికి మాజూర్ అనే విభాగం ఉంది. హనఫీ పద్ధతిలో, ఒక నమాజ్ వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ చదువుకునేంత పొడి సమయం కూడా దొరకని మనిషి మాజూర్ అవుతాడు. ఆ తర్వాత ప్రతి వేళకూ ఒకసారి వుజూ చేసుకుంటే చాలు, ఆ వేళ ముగిసేదాకా ఈ కారణంతో వుజూ పోయినట్టు కాదు. పొడి సమయం దొరికే మనిషి అయితే ఆ సమయంలోనే చదువుకోవాలి. ఎవరు ఏ కోవలోకి వస్తారు, బట్టలు మార్చే విషయంలో ఎంత సడలింపు అనేది మీ ఇమాం సాబ్‌ని గానీ ముఫ్తీ సాబ్‌ని గానీ అడగాలి. వాళ్లు మొదట అడిగే ప్రశ్న 'ఎంతసేపటికోసారి వస్తుంది' అనే. మూడు రోజుల నోటుబుక్కు అక్కడా పనికొస్తుంది. డాక్టరుకు చూపించిన పేజీనే ఆలిం సాబ్‌కీ చూపించొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి

ముందు దగ్గర్లోని పీహెచ్‌సీలో బీపీ, షుగర్, యూరిన్ పరీక్ష చేయించండి. మంచం మీదున్న పెద్దలుంటే ఆశా కార్యకర్తకు చెప్పి ఉంచండి. తర్వాత సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రి. మంచం పట్టినవాళ్ల కోసం పాలియేటివ్ కేర్ సేవలు ఏ రోజుల్లో దొరుకుతాయో అక్కడే అడగొచ్చు.

కంపెనీ జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లు ఒక్కసారి తమ కార్డు చూసుకోండి. ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం వర్తిస్తుంది, కానీ వాళ్ల పేర్లు చేర్చి ఉండాలి. మా బంధువుల్లో ఒకాయన ఎనిమిదేళ్లు ఈఎస్ఐ కట్టి, అబ్బాజాన్ పేరు లేదని డబ్బులిచ్చి ప్రైవేటులో ప్రోస్టేట్ పరీక్షలు చేయించుకున్నాడు. హెచ్ఆర్‌లో అడిగితే అరగంట పని. ఈ బెల్టుకు దగ్గరగా రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది.

పెద్దల సమస్య ఏదైనా సలహాకు 14567 ఎల్డర్‌లైన్, ఫోన్ ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా.

ఇదంతా చదివాక కూడా బయటినుంచి సెన్సార్ తెప్పించుకుంటామంటే, పంపేవాళ్లను మూడు అడగండి: డైపర్ ఏ కంపెనీదైనా పనిచేస్తుందా, యాప్ మన దేశంలో డౌన్‌లోడ్ అవుతుందా, పట్టీ ఎన్నిసార్లు వాడొచ్చు. మూడింటిలో ఒక్కదానికి 'తెలీదు' అన్నా, ఆ డబ్బుతో కమోడ్ కుర్చీ, బాత్రూం దారికి లైటు, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించమని చెప్పండి.